అమ్మకు జబ్బు పేరే తెలియదు, ట్రయల్‌కు నేను సంతకం పెట్టవచ్చా?

పేరు ప్రకటించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె తల్లికి అరవై రెండేళ్లు. రెండేళ్ల కిందట అండాశయ క్యాన్సర్ బయటపడితే ఆపరేషన్ చేసి, ఆరు విడతలు కీమో ఇచ్చారు. ఏడాదికి పైగా అణిగి ఉన్న జబ్బు ఈమధ్య చేసిన స్కానింగులో మళ్లీ కనిపించింది. మళ్లీ కీమో మొదలుపెట్టాలని చెప్పిన డాక్టరు, తమ ఆసుపత్రిలో జరుగుతున్న మూడో దశ క్లినికల్ ట్రయల్ గురించి కూడా చెప్పారు. అందులో చేరినవారందరికీ మామూలు కీమో ఎలాగూ ఇస్తారు. దానికి తోడు సగం మందికి ఒక కొత్త మాత్ర, మిగిలిన సగం మందికి చూడటానికి అచ్చం అలాగే ఉండే, మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది దక్కుతుందో కంప్యూటర్ తేలుస్తుంది, రోగికి గానీ డాక్టరుకు గానీ తెలియదు. ఇరవై ఎనిమిది పేజీల సమాచార పత్రం ఇంగ్లీషులో చేతికిచ్చి, వారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

చిక్కు అక్కడితో ఆగలేదు. తనకు వచ్చింది క్యాన్సర్ అని ఆ తల్లికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కడుపులో గడ్డ ఉంటే తీసేశారని, మళ్లీ రాకుండా మందు ఎక్కించారని మాత్రమే చెప్పారు. తెలిస్తే తట్టుకోలేదన్నది పెద్దకొడుకు నమ్మకం. ట్రయల్ మాట ఎత్తగానే అతను "అమ్మ మీద ప్రయోగాలు చేయిస్తావా?" అని మండిపడ్డాడు. కూతురికేమో కొత్త మందు అందకుండా పోతే తనను తాను క్షమించుకోలేనని భయం, చేరాక ఉత్తుత్తి మాత్ర దక్కితే ఎలాగన్నది మరో భయం. "అమ్మ తరఫున నేను సంతకం పెట్టవచ్చా? పెడితే తప్పు చేసినట్లా, పెట్టకపోతే తప్పు చేసినట్లా?" అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర ఇంకో రెండు వాక్యాలున్నాయి. బీరువాలో చీరల కింద దాచిన ఆ కాగితాలు మొన్న చూస్తే వేరే అరలో, పేజీలు వరుసగా సర్ది ఉన్నాయట. తల్లి వాటి గురించి ఒక్క మాటా అడగలేదట.

మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే ఉంది కాబట్టి దానితో మొదలుపెడతాను. పెట్టకూడదు. స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకుని తన ఇష్టం చెప్పగలిగిన పెద్దమనిషి తరఫున ట్రయల్‌కు మరొకరు సమ్మతి ఇవ్వడానికి లేదు, కన్నకూతురైనా సరే. ఏ స్థితిలో ఉన్నామో తెలియని మనిషి, పసిబిడ్డ, నిర్ణయశక్తి పూర్తిగా దెబ్బతిన్న రోగి వంటివారి విషయంలో మాత్రమే చట్టం గుర్తించిన ప్రతినిధి సంతకానికి చోటుంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారు ఇంటి లెక్కలు స్వయంగా చూసుకుంటున్నారు, మనవలకు పాఠాలు చెబుతున్నారు. ఆమె సంతకం ఆమెదే. ఆ సంతకానికి విలువ రావాలంటే తన జబ్బేమిటో ఆమెకు తెలియాలి.

అలాగని మిగతా రెండు ప్రశ్నలు తేలిపోలేదు. ఈ ట్రయల్ ఆమెకు మేలా కాదా అన్నది ఆలోచించాలంటే ముందు ట్రయల్ అంటే ఏమిటో కాస్త స్పష్టపరచుకోవాలి. మీ ఉత్తరంలో మీరు దాన్ని ఒకచోట "కొత్త చికిత్స" అని, ఇంకోచోట "చివరి అవకాశం" అని రాశారు, మీ అన్నగారు "ప్రయోగం" అన్నారు. మీ ఇద్దరి మధ్య తిరుగుతున్న గందరగోళంలో సగం ఈ పేర్లలోనే ఉంది. చికిత్స ఉద్దేశం ఎదురుగా ఉన్న ఒక మనిషికి మేలు చేయడం, అందుకే డాక్టరు ఆ మనిషిని బట్టి మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు. ట్రయల్ ఉద్దేశం ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడం. అందులో చేరినవారికి మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు, ఖచ్చితంగా దక్కే లాభం మాత్రం రేపటి రోగులకు అందే సమాధానమే. ట్రయల్‌లో ప్రతిదీ తన మేలు కోసమే ఏర్పాటు చేశారని రోగులు అనుకోవడాన్ని 1982లో అమెరికా మనోవైద్యుడు పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు గమనించి దానికి ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టారు. చదువుకున్నవారు, వివరంగా చెప్పించుకున్నవారు కూడా ఆ భ్రమలో పడతారు, కాబట్టి మీరు పడటంలో ఆశ్చర్యం లేదు.

మూడో దశ అన్న మాటకు అర్థం ఇది. మొదటి దశలో కొన్ని పదుల మందికి మందు ఇచ్చి, ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకుంటుందో చూస్తారు. రెండో దశలో మరికొంతమందికి ఇచ్చి, జబ్బు మీద పనిచేసే సూచనలు ఉన్నాయో లేవో చూస్తారు. మూడో దశలో వందల మందికి, ఒక్కోసారి వేల మందికి ఇచ్చి, ఇప్పుడు వాడుతున్న చికిత్సతో పోల్చి తూకం వేస్తారు. అంటే మీ అమ్మగారి ముందున్న మాత్ర మనుషులకు మొట్టమొదటిసారి ఇస్తున్నది కాదు. అయినా మూడో దశ దాకా వచ్చిన మందుల్లో కూడా చాలా వాటికి ఆశించిన ప్రయోజనం కనబడదు. కనబడుతుందని ముందే తెలిస్తే ఈ దశ అవసరమే ఉండేది కాదు.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ఉత్తుత్తి మాత్ర సంగతి. దాన్ని ప్లాసిబో అంటారు. మీరు చెప్పిన ట్రయల్‌లో ఆ మాత్ర కీమోకు బదులుగా ఇచ్చేది కాదు, కీమోతోపాటు ఇచ్చేది. పనిచేసే చికిత్స ఉన్న క్యాన్సర్‌లో దాన్ని ఆపేసి రోగిని ఒట్టి ప్లాసిబో మీద ఉంచడానికి ఎథిక్స్ కమిటీలు, అంటే ట్రయల్‌లో రోగుల హక్కులూ క్షేమమూ చూసే సంఘాలు, సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి "మాకు ఏమీ దక్కకపోతే" అన్న భయంలో "ఏమీ" అనే మాట సరికాదు. ఈ ట్రయల్ గురించి విననివారికి అందే కీమోయే, మీరు రాసిన ప్రకారం, మీ అమ్మగారికీ అందుతుంది. అయితే ఈ మాట నా ఊహ మీద వదిలేయకండి, సమాచార పత్రంలో ఆ వాక్యం ఎక్కడుందో డాక్టరును వేలుపెట్టి చూపమనండి.

చీటీ వేసినట్లు రోగులను రెండు గుంపులుగా పంచడం చాలామందికి అమానుషంగా తోస్తుంది. మీకు కూడా "అదృష్టం మీద వదిలేస్తారా?" అనిపించింది. డాక్టర్లే ఎంచుకుంటే తెలిసో తెలియకో కాస్త కోలుకునేలా ఉన్నవారికి కొత్త మందు, నీరసించినవారికి పాతది ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు కనిపించే తేడా మందుదో మనుషులదో చెప్పలేము. పైగా, ఏది మేలో నిజంగా తెలియనప్పుడే ఇలా పంచడం న్యాయమవుతుంది. కొత్తదే మేలని మనసులో నాటుకుపోవడం వల్ల మనకు అది అన్యాయంగా కనిపిస్తుంది.

ఆ నమ్మకం ఎంత మోసం చేయగలదో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. గుండెపోటు వచ్చి బయటపడినవారిలో గుండె లయ తప్పుతుంటే ప్రాణానికి ముప్పు ఎక్కువని వైద్యులకు తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ తప్పిన లయను అణచివేస్తున్నాయని కూడా ఈసీజీలో కళ్లారా చూశారు. అందుకే చాలామంది వాటిని రాసేవారు, ఈ మందు అందనివారికి అన్యాయం జరుగుతోందని వాదించినవారూ ఉన్నారు. 1987లో మొదలైన ఒక పెద్ద ట్రయల్‌లో ఈ మందులను ప్లాసిబోతో పోల్చారు. 1989లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ప్లాసిబో తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర దక్కినవారే అక్కడ అదృష్టవంతులు. మీ అమ్మగారి మాత్ర కూడా అలాంటిదని దీని అర్థం కాదు. ఏ గుంపులో పడితే మేలో ఈ రోజు మీకు తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు, ఆ మాత్ర తయారుచేసిన కంపెనీకీ తెలియదు.

మధ్యలో ఆపేశారని రాశాను కదా, అది ఎలా వీలైందో కూడా చెప్పాలి. పెద్ద ట్రయల్స్‌కు మందు కంపెనీతో, చికిత్స చేసే డాక్టర్లతో సంబంధం లేని నిపుణుల బృందం ఒకటి ఉంటుంది. ఎవరికి ఏ మాత్ర వెళ్తోందన్న వివరం వారికి అందుబాటులో ఉంటుంది. నిర్ణీత వ్యవధుల్లో లెక్కలు చూసి, ఒక గుంపుకు స్పష్టంగా హాని జరుగుతున్నా, స్పష్టంగా మేలు జరుగుతున్నా ట్రయల్ ఆపమని సిఫారసు చేస్తారు. ఒక్క రోగి విషయంలో అత్యవసరమైతే ఆమె తీసుకుంటున్నది ఏ మాత్రో వెంటనే తెలుసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. అలాంటి అవసరం అర్ధరాత్రి వచ్చినా ఫోన్ చేయవలసిన నంబరు సమాచార పత్రంలో ఉందో లేదో చూడండి. లేకపోతే మిగతా ఇరవై ఏడు పేజీలు ఎంత బాగున్నా నేను సందేహిస్తాను.

ఇప్పుడు మీ అన్నగారి మాట. ఆయన కోపాన్ని మీరు చదువురాని భయంగా కొట్టిపారేసినట్లు ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు సుమారు 600 మంది నల్లజాతి పురుషులను ప్రభుత్వ వైద్యులే ఒక అధ్యయనంలో ఉంచారు. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. వైద్యం చేయకపోతే ఆ జబ్బు ఎలా ముదురుతుందో చూడటం ఉద్దేశం. పెన్సిలిన్ వచ్చి, దానితో ఆ జబ్బు నయమవుతుందని తేలాక కూడా వారికి ఇవ్వలేదు. ఆ మనుషులకు తమకున్నది సిఫిలిస్ అని చెప్పలేదు, "చెడు రక్తం" అని చెప్పారు. జబ్బుకు అసలు పేరు దాచి మెత్తటి పేరు పెట్టడమే ఆ నలభై ఏళ్ల అన్యాయానికి తలుపు తెరిచింది. "కడుపులో గడ్డ" అన్న మాటను మీరిద్దరూ ప్రేమతో అన్నారు, వాళ్లు అన్నది వేరే ఉద్దేశంతో, ఆ తేడాను నేను మరచిపోవడం లేదు. కానీ మనిషిని ప్రయోగశాలలో ఎలుకలాగా చేసేది కొత్త మందు కాదు, తన మీద ఏం జరుగుతోందో తెలియనివ్వకపోవడమే. మీ అన్నగారు దేనికి భయపడుతున్నారో, దానికి దారి వేస్తున్న రహస్యాన్ని కాపాడుతున్నది కూడా ఆయనే.

మంచి ఉద్దేశంతో చేసినవారు కూడా ఒకప్పుడు ఈ విషయంలో పొరబడ్డారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందని నిరూపించి 1948లో బ్రిటన్‌లో ప్రచురించిన అధ్యయనాన్ని నేటి ట్రయల్స్‌కు ఒరవడిగా చెబుతారు. మందు కొరతగా ఉండటంతో 107 మంది రోగులను చీటీ పద్ధతిలో పంచి, 55 మందికి మందుతో పాటు విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చారు. ఆరు నెలలకు మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 14 మంది మరణించారు. అంత గొప్ప ఫలితం తెచ్చిన ఆ అధ్యయనంలో రెండో గుంపువారికి తాము ఒక పరీక్షలో భాగమన్న సంగతే తెలియదు. ఈ రోజు ఏ ఎథిక్స్ కమిటీ కూడా దాన్ని ఆ రూపంలో అనుమతించదు. నాజీ వైద్యుల విచారణ ముగింపులో, 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి పది సూత్రాల్లో మొదటిది రోగి స్వచ్ఛంద సమ్మతి. 1964లో ప్రపంచ వైద్య సంఘం ఆమోదించిన హెల్సింకి ప్రకటన ఆ తర్వాత ఎన్నోసార్లు మారింది గానీ ఆ సూత్రం నుంచి తప్పుకోలేదు. 2024లో సవరించినప్పుడు అధ్యయనానికి లోనయ్యేవారు అన్న అర్థం వచ్చే పాత పదాన్ని తీసేసి, పాల్గొనేవారు అన్న పదం పెట్టారు. పాల్గొనాలంటే తెలియాలి కదా.

ఈ నేపథ్యంలో మీ ముందున్న దారులు చూద్దాం. అమ్మకు చెప్పకుండా "మామూలు కాగితాలే" అని సంతకం పెట్టించడం మీ మనసులో ఒక మూల ఉన్నట్లు నాకు అనిపించింది, తప్పైతే మన్నించండి. అది చెల్లదన్న మాట అటుంచి, అది నిలవదు. ట్రయల్‌లో ఉన్న రోగితో సిబ్బంది ప్రతిసారీ మాట్లాడతారు, లక్షణాలు అడుగుతారు, ప్రశ్నపత్రాలు నింపిస్తారు. ఆ కాగితాల మీద జబ్బు పేరు ఉంటుంది. నాలుగో వారంలో ఆస్పత్రి వరండాలో ఒక నర్సు నోట ఆమె ఆ పేరు వింటే, జబ్బు బాధకు తోడు మీరు మోసం చేశారన్న బాధ కూడా వచ్చి చేరుతుంది. రహస్యం ఉందని తెలిసి కూడా సంతకం తీసుకోవడానికి సిద్ధపడే వైద్యబృందం అయితే, ఆ బృందం చేతిలో అమ్మను పెట్టడానికి నేనైతే వెనకాడతాను.

చెప్పకుండా, ట్రయల్‌లో చేర్చకుండా మామూలు కీమోతో సరిపెట్టడం రెండోది. మీ అన్నగారు కోరుకుంటున్నది ఇదే. చాలా కుటుంబాలు ఇలాగే నెట్టుకొస్తాయి, వారిని నిందించను. అయితే జబ్బు తిరగబెట్టింది కాబట్టి ఇకముందు వచ్చే నిర్ణయాలు మునుపటికంటే కష్టమైనవి. కీమో ఎంతవరకు కొనసాగించాలి, ఎప్పుడు చాలనాలి, ఆ రోజులు ఎవరితో ఎలా గడపాలి అన్నవాటిలో ఆమె మాట వినిపించదు. మొదటిసారి ఆపరేషన్‌కూ కీమోకూ సంతకం ఎవరు పెట్టారో మీరు రాయలేదు. నేను అడగడం లేదు గానీ, మీరు ఒకసారి ఆలోచించండి.

ఆమెకు చెప్పి, ఆమె ఇష్టపడితే ట్రయల్‌లో చేర్చడం మూడోది. దీనికి ఖరీదు ఉంది. ఆసుపత్రికి ఎక్కువసార్లు తిరగాలి, రక్తపరీక్షలు, స్కానింగులు పెరుగుతాయి, ఒక్కోసారి మళ్లీ కణితి ముక్క తీసి పరీక్షించాలంటారు. కొత్త మాత్ర వల్ల ఎవరూ ఊహించని ఇబ్బంది రావచ్చు. ట్రయల్ మాత్రను, అదనపు పరీక్షలను సాధారణంగా ఉచితంగా ఇస్తారు గానీ మామూలు కీమో ఖర్చు ఎవరిదన్నది ఒక్కో ట్రయల్‌లో ఒక్కో విధంగా ఉంటుంది. హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, పరిహారం ఎవరిస్తారు, ట్రయల్ ముగిశాక మాత్ర మేలు చేస్తుంటే అది కొనసాగుతుందా, ఇందులో చేరితే రేపు మరో ట్రయల్‌కు అర్హత పోతుందా అన్నవి రాతపూర్వకంగా కనబడాలి. సంతకం పెట్టినంత మాత్రాన చేరినట్లు కాదని కూడా ఆమెకు ముందే చెప్పండి. అర్హత పరీక్షల్లో చాలామంది ఆగిపోతారు, అది ఆమె తప్పని అనుకోకూడదు. చేరాక ఏ రోజైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు, అప్పుడు మామూలు చికిత్స కొనసాగుతుంది. అప్పటివరకు సేకరించిన సమాచారాన్ని మాత్రం వారు అట్టిపెట్టుకోవచ్చు. మాత్రలు తమంతట తాము ఆపేయకుండా డాక్టరుతో చెప్పి ఆపడం క్షేమం.

చెప్పాక ఆమె వద్దనడం నాలుగోది. మీరు దీన్ని ఓటమిగా భావిస్తారేమోనని నా అనుమానం. వద్దన్నందుకు వైద్యంలో ఏ తేడా చూపకూడదన్నది నియమం, ఆ మాట సమాచార పత్రంలోనే ఉంటుంది. ఆమె దేన్ని వదులుకుంటోందో తెలుసుకోవడానికి డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "ఈ ట్రయల్ లేకపోతే ఈ నెల మా అమ్మకు ఏ చికిత్స మొదలుపెట్టేవారు? దానివల్ల ఎంతమందికి, ఎంతకాలం ఉపయోగం ఉంటోంది?" మామూలుగా అందరం "మీ అమ్మే అయితే ఏం చేసేవారు?" అని అడుగుతాం. దానికి వచ్చే జవాబు ఆయన స్వభావం గురించి చెబుతుంది, మీ అమ్మగారి గురించి కాదు. చికిత్స చేసే డాక్టరే ట్రయల్ నడిపేవారు కూడా అయినప్పుడు, ఆ ట్రయల్‌తో సంబంధం లేని మరో క్యాన్సర్ వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం ఆయన్ను అవమానించడం కాదు. వారం గడువు చాలకపోతే పొడిగించమనండి.

చెప్పడం ఎలా అన్నది మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. కూర్చోబెట్టి అంతా ఒక్కసారే దించేయవద్దు. ముందు ఆమెకు ఏం తెలుసో వినండి. "నీ జబ్బు ఏమిటని నీకు అనిపిస్తోంది అమ్మా?", ఆ తర్వాత "డాక్టరు చెప్పినదంతా నీకు చెప్పమంటావా, ముఖ్యమైనది మాత్రం చాలా?" అని అడగండి. ఆమె "నాకవన్నీ వద్దు, నువ్వు చూసుకో" అనవచ్చు. వివరాలు వద్దనుకునే హక్కు కూడా ఆమెదే. అయితే ట్రయల్‌లో చేరాలంటే మాత్రం కనీసం జబ్బేమిటో, ఇది పరీక్ష అని, చీటీ పద్ధతి ఉందని, ఎప్పుడైనా మానేయవచ్చని ఆమెకు తెలియక తప్పదు. ఆ కాస్త కూడా వద్దంటే అది ట్రయల్ వద్దనడమే, అలాగే తీసుకోండి. డాక్టరు సమక్షంలో మాట్లాడటం మీకు తేలికైతే ముందుగా ఆయనతో చెప్పి ఉంచండి. సమాచార పత్రం తెలుగులో ఇవ్వమని పట్టుబట్టండి, అర్థమయ్యే భాషలో ఇవ్వడం వారు చేసే దయ కాదు, వారి బాధ్యత.

మీ అన్నగారికి ఈ జవాబు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూపిస్తే, ట్రయల్‌కు ఒప్పించడానికి వాడుకోకండి. "అమ్మకు చెబుదాం, ఆ తర్వాత ఆమె నీ వైపే మొగ్గినా నేను మారుమాట అనను" అని మీరు ముందుగా అనగలిగితే ఆయన వినే అవకాశం ఎక్కువ. అది మీరు నిజంగా అనగలరా లేదా అన్నది ఒంటరిగా కూర్చుని తేల్చుకోండి, పైకి అని లోపల ఆశ పెట్టుకుంటే అమ్మ పసిగడుతుంది.

అమ్మ పసిగడుతుందని ఊరికే అనలేదు. ఆరుసార్లు కీమో ఎక్కించుకుని, జుట్టు రాలడం అద్దంలో చూసుకుని, వార్డులో పక్క మంచాల మీదివారితో గంటల తరబడి కూర్చున్న మనిషికి తనకు వచ్చింది ఒట్టి గడ్డ కాదని తెలియదంటే నమ్మడం కష్టం. ఆమె ఆ ఇరవై ఎనిమిది పేజీలను సర్ది, మీరు దాచిన చోట కాకుండా మీకు కనబడేలా మరో అరలో పెట్టారు. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క పదాన్ని కూడబలుక్కుని చదివి ఉంటారని నా ఊహ. బహుశా మీరు తట్టుకోలేరని ఆమె కూడా అడగకుండా ఊరుకుంటున్నారేమో. సంభాషణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. "బీరువాలో కాగితాలు నువ్వు చూశావు కదా అమ్మా" అని మొదలుపెట్టి, ఆమె మాట్లాడేదాకా ఆగండి.